బ్రౌజర్ కుకీలు: చిన్న టెక్స్ట్ ముక్క చుట్టూ ఇంత రాద్ధాంతం ఎందుకు?

ఏ సైట్ తెరిచినా సగం పేజీ కప్పేస్తూ ఒక పెట్టె లేస్తుంది, 'మేం కుకీలు వాడతాం, ఒప్పుకుంటారా' అని. ఎవరూ చదవరు. చదివే ఓపిక ఉన్నా అందులో రాసింది అర్థమయ్యేలా ఉండదు. పెద్దగా కనిపించే బటన్ నొక్కేసి పని చూసుకుంటారు. ఇంకోపక్క 'థర్డ్ పార్టీ కుకీల (మనం తెరిచిన సైట్‌వి కాకుండా, దాని పేజీలో కలిసివచ్చే వేరే కంపెనీలు పెట్టేవాటి) పని అయిపోయింది' అని 2020 నుంచి వార్తలు వస్తూనే ఉన్నాయి, తీరా 2025 ఏప్రిల్‌లో క్రోమ్‌లో వాటిని అలాగే ఉంచుతున్నామని గూగుల్ చెప్పేసింది. ఇంతకీ ఇవి మంచివా చెడ్డవా, ఒప్పుకుంటే ఏమవుతుంది, వద్దంటే ఏం ఆగుతుంది అన్నదానిపై గందరగోళం మాత్రం అలాగే ఉంది.

క్లుప్తంగా: కుకీ అంటే వెబ్‌సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న టెక్స్ట్. అది ప్రోగ్రామ్ కాదు, వైరస్ అసలే కాదు, దానంతట అది ఏ పనీ చేయలేదు. పని చేసేది బ్రౌజర్. తన దగ్గరున్న కుకీని, అది ఏ సైట్‌దైతే ఆ సైట్‌కు, మనల్ని అడక్కుండా ప్రతిసారీ తిరిగి పంపుతుంది. లాగిన్ నిలబడేది ఈ అలవాటు వల్లే. ప్రకటనల కంపెనీలు సైట్ సైట్‌కూ వెంటపడేదీ, దొంగలు పాస్‌వర్డ్ తెలియకుండానే అకౌంట్‌లోకి దూరేదీ కూడా దీన్ని ఆసరా చేసుకునే.

## సర్వర్‌కు ఏదీ గుర్తుండదు

వెబ్ నడిచేది హెచ్‌టీటీపీ అనే పద్ధతి మీద. బ్రౌజర్ ఒకటి అడుగుతుంది, సర్వర్ (సైట్‌ను నడిపే కంప్యూటర్) జవాబిస్తుంది, అక్కడితో ఆ లావాదేవీ ముగిసిపోతుంది. మరుక్షణం అదే బ్రౌజర్ ఇంకో పేజీ అడిగితే సర్వర్ లెక్కలో అది కొత్త మనిషి అడిగినట్టే. కథనాలు, ఫొటోలు చదివి వెళ్లిపోయే రోజుల్లో దీంతో ఇబ్బంది రాలేదు. పైగా ఎవరినీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు కాబట్టి సర్వర్ మీద భారమూ తక్కువ. కొనడం, అమ్మడం, లాగిన్ కావడం మొదలయ్యాకే చిక్కొచ్చింది. ఒక పేజీలో వస్తువు కార్ట్‌లో వేసి పక్క పేజీకి వెళ్తే, ఆ కార్ట్ ఎవరిదో సర్వర్‌కు తెలియదు.

ఐపీ అడ్రస్‌తో (నెట్‌లో మన కనెక్షన్‌కు ఉండే నంబర్‌తో) గుర్తుపట్టొచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఒకే ఆఫీసులో వందమంది బయటికి ఒకే ఐపీతో కనిపించవచ్చు, మొబైల్ నెట్‌వర్కుల్లో అయితే ఒక్కో అడ్రస్ వెనక ఇంకా ఎక్కువమంది ఉంటారు. ఇక ఒకే ఫోన్ వైఫై వదిలి మొబైల్ డేటాకు మారగానే దాని ఐపీ మారిపోతుంది. ఇంకో దారి, గుర్తింపు నంబర్‌ను లింక్‌లోనే ఇరికించడం. కొన్ని పాత సైట్లు అలాగే చేసేవి. ఆ లింక్‌ను ఎవరికైనా పంపితే మన లాగిన్ కూడా వాళ్ల చేతికి వెళ్లే ప్రమాదం ఉండేది.

1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ అనే ఇంజినీర్ ఈ చిక్కుకు ఒక పరిష్కారం కనిపెట్టాడు. అప్పట్లో ఎంసీఐ అనే టెలికాం కంపెనీ కోసం నెట్‌స్కేప్ ఆన్‌లైన్ అమ్మకాల వ్యవస్థ తయారుచేస్తోంది. మధ్యలో ఆగిపోయిన కొనుగోళ్ల వివరాలన్నీ తమ సర్వర్లలో మోయడం ఎంసీఐకి ఇష్టం లేదు. అయితే వాటిని కొనేవాళ్ల కంప్యూటర్‌లోనే పెడదాం అన్నదే మాంటుల్లీ ఆలోచన. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో కుకీలు ఉన్నాయి. వాటిని మొదట వాడింది మాత్రం అమ్మకాలకు కాదు, నెట్‌స్కేప్ సైట్‌కు వచ్చినవాళ్లు ఇంతకుముందు వచ్చారా లేదా తెలుసుకోవడానికి. అంటే మనిషిని గుర్తుపట్టడమన్నది కుకీకి తర్వాత అంటుకున్న గుణం కాదు, మొదటి రోజు నుంచీ ఉన్నదే.

## ఒక లాగిన్‌ను దగ్గర్నుంచి చూస్తే

యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ బటన్ నొక్కామనుకుందాం. సర్వర్ వాటిని సరిచూసుకుని, పేజీతో పాటు మనకు కనబడని ఒక వరుసను జవాబులో పంపుతుంది. తెలుగు అక్షరాల్లో రాస్తే అది సుమారుగా ఇలా ఉంటుంది:

సెట్-కుకీ: సెషన్=83920571; మ్యాక్స్-ఏజ్=604800; సెక్యూర్; హెచ్‌టీటీపీ-ఓన్లీ; సేమ్‌సైట్=ల్యాక్స్

బ్రౌజర్ దీన్ని దాచుకుంటుంది. అప్పటి నుంచి అదే సైట్‌కు వెళ్లే ప్రతి రిక్వెస్ట్‌లో, పేజీకైనా ఫొటోకైనా, ఈ చిన్న వరుస జోడించి పంపుతుంది:

కుకీ: సెషన్=83920571

తిరిగి వెళ్లేది పేరూ విలువా మాత్రమే, మిగతావన్నీ బ్రౌజర్‌కు ఇచ్చిన ఆదేశాలు. గమనించాల్సింది ఏంటంటే ఇందులో పాస్‌వర్డ్ లేదు, పేరు లేదు, ఈమెయిల్ లేదు. ఉన్నది ఒక నంబర్. (నిజం సైట్లలో ఇది ఎవరూ ఊహించలేనంత పొడవుగా, అడ్డదిడ్డంగా ఉంటుంది.) స్టేషన్‌లో లగేజీ అప్పగిస్తే ఇచ్చే టోకెన్ లాంటిదే ఇదీ. సామాను మొత్తం కౌంటర్ లోపలే ఉంటుంది, మన చేతిలో ఉండేది నంబర్ వేసిన బిళ్ల. ఆ బిళ్ల ఎవరు తెచ్చి చూపిస్తే సామాను వాళ్లదే. ఈ చివరి మాటతో తర్వాత పని పడుతుంది.

ఇక ఆదేశాల సంగతి. మ్యాక్స్-ఏజ్ అంటే ఎన్ని సెకన్లు దాచాలో, 604800 సెకన్లంటే సరిగ్గా 7 రోజులు. ఈ గడువు ఇవ్వకపోతే అది సెషన్ కుకీ, బ్రౌజర్ మూసేస్తే పోవాలి. పోవాలి అనడమే తప్ప, 'ఆపిన చోటి నుంచే మొదలుపెట్టు' అనే సెట్టింగ్ పెట్టుకున్న బ్రౌజర్లు వాటిని కూడా వెనక్కి తెచ్చేస్తాయి. అలాగని ఎంత గడువైనా పెట్టేయడానికీ లేదు, క్రోమ్ 2022 నుంచి 400 రోజులకు మించి ఒప్పుకోవడం లేదు. సెక్యూర్ అంటే తాళం ఉన్న హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్‌లోనే పంపమని. హెచ్‌టీటీపీ-ఓన్లీ అంటే పేజీలో నడిచే జావాస్క్రిప్ట్‌కు ఈ కుకీ కనబడకూడదని. పేజీలోకి ఎవరైనా దొంగ కోడ్ చొప్పించినా టోకెన్ ఎత్తుకుపోకుండా ఇది అడ్డం నిలుస్తుంది. సేమ్‌సైట్ గురించి తర్వాత చెప్పుకుందాం.

ఒక్కో కుకీ సుమారు 4 కేబీకి మించదు. ఒక సైట్ పెట్టిన కుకీని ఇంకో సైట్ చదవలేదు. ఇవన్నీ కళ్లతో చూడాలంటే కంప్యూటర్‌లో ఏ సైట్‌లోనైనా ఎఫ్12 నొక్కి, క్రోమ్‌లో అయితే 'అప్లికేషన్', ఫైర్‌ఫాక్స్‌లో అయితే 'స్టోరేజ్' ట్యాబ్‌లోకి వెళ్తే చాలు. పేరు, విలువ, డొమైన్, గడువు అన్నీ పట్టికలా కనిపిస్తాయి. ఆ డొమైన్ వరుసలో మనం తెరవని సైట్ల పేర్లు కూడా కనిపించాయంటే ఇక అసలు కథలోకి వచ్చినట్టే. దానికి ముందు ఒక మాట.

## సైట్లకు ఇవి నిజంగా ఎందుకు కావాలి

లాగిన్, కార్ట్, ఎంచుకున్న భాష, డార్క్ మోడ్, ఇవి అందరికీ తెలిసినవే. కనబడని వాడకాలు ఇంకా ఉన్నాయి. పెద్ద సైట్ వెనక పదుల కొద్దీ సర్వర్లుంటే ఒక యూజర్‌ను ప్రతిసారీ ఒకే సర్వర్ దగ్గరికి పంపడానికి కుకీ వాడతారు. కొత్త డిజైన్‌ను సగంమందికే చూపించి ఫలితం కొలిచేటప్పుడు ఎవరు ఏ గుంపులో ఉన్నారో గుర్తుపెట్టుకునేదీ ఇదే. 'ఈ నెలలో మీ ఉచిత వ్యాసాలు అయిపోయాయి' అనే పత్రికల సైట్లు చాలావరకు లెక్క పెట్టేది కుకీతోనే, అందుకే అవి ఇన్‌కాగ్నిటో విండోలో కొత్తగా వచ్చిన పాఠకుడని అనుకుంటాయి. ఒక రివ్యూలో ఉన్న లింక్ నొక్కి వెళ్లి వస్తువు కొంటే ఆ రివ్యూ రాసినవాళ్లకు కమీషన్ పోతుంది కదా, ఎవరి లింక్ ద్వారా వచ్చారో కొన్ని రోజుల పాటు మోసేదీ కుకీయే.

ఎంతమంది వచ్చారు, ఎక్కడ ఆగారు, మళ్ళీ వచ్చారా అన్న లెక్కలకు అనలిటిక్స్ కుకీలు ఉంటాయి. గూగుల్ అనలిటిక్స్ పెట్టే ముఖ్యమైన కుకీకి మామూలుగా రెండేళ్ల గడువు. ఇది లేకపోయినా సైట్ ఆగిపోదు, యజమానికి లెక్కలు తెలియవంతే. బ్యానర్లలో 'తప్పనిసరి', 'పనితీరు', 'ప్రకటనలు' అని గదులు కట్టి చూపించేది ఈ తేడానే. సాంకేతికంగా చూస్తే మూడూ ఒకే రకం టెక్స్ట్.

## మూడో మనిషి ఎలా వచ్చాడు

ఒక వార్తా సైట్ తెరిచామనుకుందాం. పేజీలో వార్త ఆ సైట్ నుంచి వస్తుంది, పక్కనున్న ప్రకటన మాత్రం ప్రకటనల కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది. అంటే మనం అడగకపోయినా మన బ్రౌజర్ ఆ కంపెనీ తలుపు కూడా తట్టింది. తట్టింది కాబట్టి ఆ కంపెనీ కూడా తన కుకీ ఒకటి చేతిలో పెడుతుంది, అందులో ఉన్న నంబర్ 5512 అనుకుందాం. రిక్వెస్ట్‌తో పాటు 'ఫలానా పేజీ నుంచి వస్తున్నా' అన్న సమాచారం కూడా వెళ్తుంది, కాబట్టి 5512 ఏ సైట్‌లో ఉన్నాడో ఆ కంపెనీ రాసుకుంటుంది. సాయంత్రం అదే బ్రౌజర్‌లో ఒక షూల సైట్ తెరిచాం, అక్కడా అదే కంపెనీ కోడ్ ఉంది. ఈసారి కుకీ కొత్తగా పెట్టక్కర్లేదు, బ్రౌజరే 5512 అని బుద్ధిగా చెప్పేస్తుంది. మర్నాడు వంటల సైట్‌లోనో ఆరోగ్యం సైట్‌లోనో ఇదే జరుగుతుంది. ఏ ఒక్క సైట్‌కూ మన గురించి మొత్తం తెలియదు. మధ్యలో ఉన్నవాడికి తెలుసు.

చూసిన షూలు వారం పాటు వెంటపడటం వెనక ఉన్న మాయ ఇంతే. ఫోన్ మన మాటలు వింటోందన్న అనుమానం చాలామందికి ఉంటుంది గానీ, వినాల్సిన అవసరం లేనంత సమాచారం ఈ దారిలోనే పోతుంది. ప్రకటన కనిపించాల్సిన పని కూడా లేదు. ఒక పిక్సెల్ వెడల్పూ ఒక పిక్సెల్ ఎత్తూ ఉన్న కంటికి కనబడని బొమ్మ చాలు, లేదా పేజీ కింద ఉండే 'లైక్' బటన్ చాలు. నొక్కకపోయినా సరే, ఆ బటన్ లోడ్ అయితే రిక్వెస్ట్ వెళ్లినట్టే.

ఇది ఊహించని పరిణామమా అంటే అదీ కాదు. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాసేదాకా కుకీలు ఉన్నాయనే మామూలు జనానికి తెలియదు. 1997లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్, ఆర్‌ఎఫ్‌సీ 2109 అనే పత్రంలో ఇలాంటి మూడో పక్షం (థర్డ్ పార్టీ) కుకీలను బ్రౌజర్లు యూజర్ ఒప్పుకోకుండా అనుమతించకూడదనే చెప్పింది. అప్పటి రెండు పెద్ద బ్రౌజర్లు, నెట్‌స్కేపూ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరూ, ఆ మాట పట్టించుకోలేదు. డబుల్‌క్లిక్ లాంటి ప్రకటనల కంపెనీలు అప్పటికే వ్యాపారం మొదలుపెట్టేశాయి. 1999లో డబుల్‌క్లిక్, ఇళ్ల అడ్రస్‌లూ కొనుగోళ్ల వివరాలూ ఉన్న అబాకస్ అనే కంపెనీని కొని, ఆ పేర్లను కుకీ నంబర్లతో కలపాలని చూసింది. పెద్ద గొడవై, అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ విచారణ దాకా వెళ్లాక వెనక్కి తగ్గింది. అదే డబుల్‌క్లిక్‌ను 2007లో 310 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు గూగుల్ ప్రకటించింది. 1997 నాటి ఆ ఒక్క సలహా అమలై ఉంటే ఈ మార్కెట్ రూపమే వేరుగా ఉండేది.

తర్వాత ఇది ఇంకా ముదిరింది. ఒక కంపెనీకి 5512 అయినవాడు ఇంకో కంపెనీకి 'క్యూ88' కావచ్చు. రెండూ ఒకరే అని కంపెనీలు పరస్పరం సరిపోల్చుకోవడాన్ని కుకీ సింకింగ్ అంటారు. పేజీ తెరుచుకునే లోపే అందులో ప్రకటన కోసం వదిలిన ఖాళీ జాగా వేలానికి వెళ్తుంది, రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో పాటలు పాడటం, గెలవడం, ప్రకటన రావడం అన్నీ అయిపోతాయి. ఆ వేలంలో నిజానికి అమ్ముడుపోయేది జాగా కాదు, ఆ నంబర్ వెనకున్న చరిత్ర.

## బ్రౌజర్ల మధ్య చీలిక

ఆపిల్ బ్రౌజర్ సఫారీ మొదటి నుంచీ ఈ మూడో పక్షం కుకీల విషయంలో పట్టుగా ఉంది. ఆ అడ్డును దాటేసి సఫారీ యూజర్లను ట్రాక్ చేసిందన్న కేసులో 2012లో గూగుల్ ఎఫ్‌టీసీకి 2.25 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. 2017లో ఆపిల్ ట్రాకింగ్‌ను గుర్తించి అడ్డుకునే వ్యవస్థ తెచ్చింది, 2020 మార్చి నాటికి మూడో పక్షం కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెలిసిన ట్రాకర్లను ఆపడం మొదలుపెట్టి, 2022లో ఇంకో తెలివైన పద్ధతి అందరికీ ఇచ్చింది. మూడో పక్షం కుకీని అడ్డుకోదు, కానీ ఒక్కో సైట్‌కు ఒక్కో వేరే డబ్బా పెడుతుంది. వార్తా సైట్‌లో 5512 అయినవాడు షూల సైట్‌లో ఆ కంపెనీకి కొత్త మనిషే. కుకీ ఉంటుంది, గొలుసు తెగుతుంది.

క్రోమ్ దగ్గరే బండి ఆగింది. 2020 జనవరిలో రెండేళ్లలో తీసేస్తామంది. తర్వాత 2023 అంది, ఆ తర్వాత 2024 రెండో సగం, మళ్ళీ 2025. 2024 జనవరిలో 1 శాతం యూజర్లకు నిజంగానే ఆపి చూసింది. అదే ఏడాది జులైలో, తీసేయం, యూజర్లనే అడుగుతాం అంది. 2025 ఏప్రిల్‌లో ఆ అడగడం కూడా లేదంది. అక్టోబర్‌కల్లా కుకీలకు బదులుగా కట్టుకొచ్చిన 'ప్రైవసీ శాండ్‌బాక్స్'లోని టాపిక్స్, ప్రొటెక్టెడ్ ఆడియన్స్ లాంటి ముఖ్యమైన భాగాలను కూడా ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

గూగుల్ ఆదాయంలో ఎక్కువ భాగం ప్రకటనలదే కాబట్టి ఇలా చేసింది అనడం తేలిక. సగం నిజమే. రెండో సగం మరింత ఆసక్తికరం: తీసేయనివ్వకుండా అడ్డుపడినవాళ్లలో గూగుల్ ప్రత్యర్థులూ, బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ కూడా ఉన్నారు. వాళ్ల వాదన ఇది. మూడో పక్షం కుకీలు పోతే చిన్న ప్రకటనల కంపెనీలకు కళ్లు పోతాయి. గూగుల్‌కు పోవు, ఎందుకంటే సెర్చ్, యూట్యూబ్, మెయిల్ వాడేవాళ్లు గూగుల్ సొంత సైట్లలో లాగిన్ అయ్యే ఉంటారు, అక్కడ దాని కుకీ మొదటి పక్షమే, అంటే మనం తెరిచిన సైట్‌దే. ప్రైవసీ కోసం తీసుకున్న చర్య ఉన్న పెద్దవాడిని ఇంకా పెద్దవాడిని చేస్తుందన్నమాట. ప్రైవసీ వైపు చూస్తే తీసేయాలి, పోటీ వైపు చూస్తే జాగ్రత్త పడాలి. ఈ రెండింటి మధ్య నలిగి ఐదేళ్లు గడిచాయి, యూజర్‌కు దక్కింది పాత సెట్టింగే. క్రోమ్‌లో ప్రైవసీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మూడో పక్షం కుకీలను ఎవరికి వారు ఆపుకోవచ్చు, వెతుక్కునే ఓపిక ఉంటే.

## ఈ బ్యానర్ల గోల ఎక్కడిది

మూలం యూరప్. యూరోపియన్ యూనియన్ 2002లో ఈ-ప్రైవసీ డైరెక్టివ్ తెచ్చి, 2009లో దాన్ని సవరించింది. యూజర్ పరికరంలో ఏదైనా దాచాలన్నా, దాచింది చదవాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి, సేవ అందించడానికి తప్పనిసరైనవాటికి మినహాయింపు. చట్టం కుకీలకే పరిమితం కాదు, ఏ రకం నిల్వకైనా వర్తిస్తుంది. 2018 మే 25 నుంచి యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ అమల్లోకి వచ్చి అనుమతి అంటే ఏంటో గట్టిగా నిర్వచించింది. 2019 అక్టోబర్‌లో ప్లానెట్49 కేసులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం, ముందే టిక్ పెట్టి ఉంచిన గడిని అనుమతిగా లెక్కించడానికి వీల్లేదని తేల్చింది. యూరప్ పాఠకులు ప్రతి పెద్ద సైట్‌కూ ఉంటారు కాబట్టి, అక్కడికో రకం ఇక్కడికో రకం పేజీ ఎందుకని చాలా సైట్లు అందరికీ అదే చూపిస్తున్నాయి.

చట్టం అడిగింది నిజమైన ఎంపిక. సైట్లు ఇచ్చింది విసుగు. ఒక సగటు బ్యానర్‌ను పరికించి చూస్తే సంగతి తెలుస్తుంది: 'అన్నీ అంగీకరించు' ముదురు రంగులో ఒక్క నొక్కుతో అయిపోతుంది. దాని పక్కన చాలాసార్లు 'తిరస్కరించు' ఉండదు, లేతగా 'మరిన్ని ఎంపికలు' అని ఉంటుంది. నొక్కితే ఇంకో తెర, అందులో వరుసగా స్విచ్‌లు, కింద 'న్యాయబద్ధమైన ఆసక్తి' (అనుమతి అడక్కుండానే డేటా వాడుకోవడానికి కంపెనీలు చూపించే చట్టపరమైన కారణం) పేరుతో ముందే ఆన్ చేసిన మరో వరుస, చివర్లో 'నా ఎంపికలు సేవ్ చేయి' అనే బటన్. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, వద్దనడానికి ఐదారు. ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ క్నిల్ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది సరిగ్గా దీనికే, వద్దనడం ఒప్పుకోవడమంత తేలికగా లేదని. ఆ తర్వాతే చాలాచోట్ల 'అన్నీ తిరస్కరించు' బటన్ బయటికొచ్చింది.

ఇందులో ఒక తమాషా ఉంది. వద్దన్న సంగతిని గుర్తుపెట్టుకోవడానికీ ఒక కుకీ కావాలి. అందుకే కుకీలన్నీ శుభ్రంగా తుడిచేసే అలవాటున్నవాళ్లకే ఈ బ్యానర్లు అందరికన్నా ఎక్కువ కనిపిస్తాయి. 2025 నవంబర్‌లో యూరోపియన్ కమిషన్ ఈ నిబంధనలను సవరించే ప్రతిపాదన పెట్టింది, ఎంపికను ఒకసారి బ్రౌజర్‌లోనే చెప్పేస్తే సైట్లు దాన్ని పాటించాలన్నది అందులో ఒక భాగం.

'తిరస్కరించు' నొక్కితే కుకీలు అసలు ఉండవనుకోవడం పొరపాటు. తప్పనిసరివి ఎలాగూ ఉంటాయి. ఆగాల్సింది ప్రకటనలవీ అనలిటిక్స్‌వీ, అదీ సైట్ నిజాయితీగా ఉంటే. బ్యానర్ అనేది సైట్ ఇచ్చే మాట, బ్రౌజర్ సెట్టింగ్ అనేది వేసుకున్న తాళం. రెండిట్లో ఏది గట్టిదో వేరే చెప్పక్కర్లేదు.

## టోకెన్ దొంగ చేతికి పోతే

బిళ్ల ఎవరు చూపిస్తే సామాను వాళ్లదే అని ముందు అనుకున్నాం. 2010 అక్టోబర్‌లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అనే చిన్న ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ విడుదల చేశాడు. పాస్‌వర్డ్ లేని వైఫైలో కూర్చుని దాన్ని ఆన్ చేస్తే, అదే వైఫైలో ఫేస్‌బుక్ లాంటి సైట్లు వాడుతున్నవాళ్ల పేర్లు పక్కన వరుసగా వచ్చేవి, ఒకదాని మీద నొక్కితే వాళ్ల అకౌంట్ తెరుచుకునేది. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీకి మాత్రమే హెచ్‌టీటీపీఎస్ వాడేవి, తర్వాత పేజీలన్నీ మామూలు కనెక్షన్ మీదే వెళ్లేవి, దాంతో కుకీ గాల్లో బట్టబయలుగా తిరిగేది. పెద్ద సైట్లు మొత్తం హెచ్‌టీటీపీఎస్‌కు మారడంలో ఈ గొడవ పాత్ర తక్కువేమీ కాదు.

ఇంకో రకం దాడిలో దొంగకు కుకీ చేతికి చిక్కాల్సిన పని కూడా లేదు. తన పేజీలో ఒక ఫారం దాచి, దాన్ని తెరిచినవాళ్ల బ్రౌజర్ చేత వేరే సైట్‌కు రిక్వెస్ట్ పంపిస్తాడు. బ్రౌజర్ అలవాటు ప్రకారం కుకీ జోడిస్తుంది, అవతలి సైట్ అది యజమాని పనే అనుకుంటుంది. దీన్ని అడ్డుకోవడానికే ఇందాక వదిలేసిన సేమ్‌సైట్. వేరే సైట్ నుంచి పుట్టిన రిక్వెస్ట్‌కు ఈ కుకీ జోడించకు అని చెప్తుంది. సైట్ ఏమీ చెప్పకపోయినా ల్యాక్స్ (లింక్ నొక్కి ఆ సైట్‌కు వెళ్తే మాత్రం కుకీ పంపే సడలింపు రకం) అనే లెక్కన చూడటం క్రోమ్ 2020లో మొదలుపెట్టింది.

ఇప్పటి దొంగలు వైఫైలో కూర్చోవడం లేదు. పైరసీ సాఫ్ట్‌వేర్‌లోనో, స్పాన్సర్‌షిప్ మెయిల్‌కు జతచేసిన ఫైల్‌లోనో మాల్‌వేర్ పంపి, బ్రౌజర్ దాచుకున్న కుకీలన్నీ ఒక్కసారే ఎత్తుకుపోతున్నారు. 2023 మార్చిలో లైనస్ టెక్ టిప్స్ అనే పెద్ద యూట్యూబ్ ఛానల్ హ్యాక్ అయింది ఇలాగే. ఓటీపీ, టూ-ఫ్యాక్టర్ ఏవీ అక్కరకు రాలేదు, ఎందుకంటే అవి లాగిన్ అయ్యేటప్పుడు అడిగేవి, కుకీ అంటే లాగిన్ అయిపోయినట్టే లెక్క. దీనికి మందుగా కుకీని ఆ పరికరంలో ఉన్న రహస్య తాళానికి కట్టేసి, వేరే కంప్యూటర్‌లో పనిచేయకుండా చేసే పద్ధతి మీద గూగుల్ పనిచేస్తోంది. అది అన్నిచోట్లా వచ్చేదాకా వేరేవాళ్ల కంప్యూటర్‌లో ట్యాబ్ మూసేసి వచ్చేయడానికీ లాగౌట్ చేసి రావడానికీ ఉన్న తేడా గుర్తుపెట్టుకోవాలి. ట్యాబ్ మూస్తే కుకీ అక్కడే ఉంటుంది. లాగౌట్ చేస్తే ఆ నంబర్‌ను సర్వరే రద్దు చేస్తుంది, కనీసం సరిగా కట్టిన సైట్లలో.

## కుకీ పోతే ట్రాకింగ్ పోతుందా?

పోదు, వేషం మారుస్తుంది. స్క్రీన్ సైజు, ఫాంట్లు, టైమ్ జోన్, గ్రాఫిక్స్ కార్డ్ బొమ్మలు గీసే తీరు, ఇలాంటివన్నీ కలిపితే చాలా కంప్యూటర్లు వేటికవే ప్రత్యేకంగా కనిపిస్తాయి. దీన్ని ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. ఎంత తేలికో చూపించడానికి 2010లోనే ఈఎఫ్‌ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థ పానోప్టిక్లిక్ పేరుతో ఒక ప్రయోగం నడిపింది. ఇంకో దారి ఈమెయిల్: రెండు వేరు సైట్లలో ఒకే మెయిల్‌తో రిజిస్టర్ అయితే, దాన్ని కోడ్‌గా మార్చి రెండు ఖాతాలనూ కలిపేస్తారు. మూడోది ఇంకా గడుసుది, ట్రాకింగ్ కంపెనీ సర్వర్‌కే సైట్ తన సొంత సబ్‌డొమైన్ (తన అడ్రస్ కిందే ఉండే ఉప అడ్రస్) పేరు తగిలిస్తుంది, బ్రౌజర్‌కు అది ఇంటి మనిషిలాగే కనిపిస్తుంది.

వీటితో పోలిస్తే కుకీయే నయం. అది పట్టికలో కనిపిస్తుంది, గడువుంటుంది, తుడిచేస్తే పోతుంది. ఫింగర్‌ప్రింట్‌ను తుడవడానికి బటన్ లేదు. కుకీల మీదే ఎక్కువగా చూపు పెట్టిన చట్టాల అమలూ సెట్టింగులూ కంపెనీలను ఈ కనబడని దారుల్లోకి నెడుతున్నాయన్న విమర్శలో బలం ఉంది.

ఇన్‌కాగ్నిటో గురించి కూడా అతిగా ఊహించుకోకూడదు. అది ఖాళీ కుకీ డబ్బాతో మొదలై, ఆ విండోలన్నీ మూసేయగానే డబ్బాను పారేస్తుంది, అంతే. ఐపీ మారదు, ఫింగర్‌ప్రింట్ పెద్దగా మారదు, లోపల లాగిన్ అయితే ఆ సైట్‌కు మనమెవరో తెలిసిపోతుంది. ఇక కుకీలన్నీ తుడిచేయడమంటే అన్ని సైట్ల నుంచీ లాగౌట్ కావడమే, మర్నాటికి ట్రాకర్లు కొత్త నంబర్ ఇచ్చేస్తాయి. అంతకన్నా మూడో పక్షం కుకీలను శాశ్వతంగా ఆపి, మొదటి పక్షంవి వదిలేయడం ఎక్కువ పని చేస్తుంది, ఇబ్బందీ తక్కువ. సఫారీ వాడేవాళ్లు ఏళ్లుగా అలాగే ఉన్నారు. అప్పుడప్పుడు ఒక సైట్‌లో ఇమిడి ఉన్న వేరే సైట్ లాగిన్, కామెంట్ల పెట్టె, ఆఫీసు పోర్టల్‌లో ఒకచోట లాగిన్ అయితే అన్నీ తెరుచుకునే ఏర్పాటు మొరాయించవచ్చు. అలాంటప్పుడు ఆ ఒక్క సైట్‌కు మినహాయింపు ఇచ్చే స్విచ్ క్రోమ్‌లో అడ్రస్ బార్‌లోనే, కన్ను గుర్తు దగ్గర కనిపిస్తుంది.